కాన్పు నాటి బీపీ... గుండెకు ముందే కబురు!

'నెలలు నిండేటప్పుడు బీపీ వచ్చింది. కాన్పయ్యాక తగ్గిపోయింది. ఇంకేం భయం?'... మన ఇళ్లల్లో తరచూ వినే మాటే ఇది. పాదాలు పొంగి మెట్టెలు బిగుసుకుపోతే 'నీరు పట్టిందిలే' అనుకోవడం, బిడ్డ కేరుమనగానే ఆ సంగతే మర్చిపోవడం మామూలే. కానీ తగ్గిపోయిందనుకున్న ఆ బీపీ ఏళ్ల తర్వాత గుండెజబ్బుగా తిరిగి పలకరించవచ్చంటున్నారు వైద్యులు. ఆ ముప్పును జన్యువుల్లో ముందే చదివేయగలమా అని శాస్త్రవేత్తలు వెతుకుతున్నారు.

గర్భిణికి ఇరవయ్యో వారం దాటాక బీపీ 140/90కి చేరి, మూత్రంలో ప్రొటీన్ పోవడమో, కాలేయం, కిడ్నీలు దెబ్బతినడమో తోడైతే దాన్ని ప్రీఎక్లాంప్సియా అంటారు. అది ముదిరి మూర్ఛలొస్తే పెద్దవాళ్లు గుర్రపువాతం అనేవారే, అదన్నమాట! అంతకు ముందు జరిగిన అధ్యయనాలను కలిపి చూసిన ఓ విశ్లేషణ 2007లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. దాని ప్రకారం ప్రీఎక్లాంప్సియా వచ్చిన తల్లులకు తర్వాతి జీవితంలో గుండెజబ్బు ముప్పు దాదాపు రెండు రెట్లు, అధిక రక్తపోటు ముప్పు మూడున్నర రెట్లకు పైనే.

కోడలి వంశానిదే తప్పా?

2017లో దొరికిన జన్యు ఆధారం ఆసక్తికరమైంది. ఎఫ్ఎల్‌టీ1 అనే జన్యువు దగ్గర తేడా ఉంటే ప్రీఎక్లాంప్సియా ముప్పు పెరుగుతుందని తేలింది. అయితే ఆ తేడా తల్లిలో కాదు... కడుపులోని బిడ్డలో! మాయ తయారయ్యేది బిడ్డ జన్యువులతోనే మరి. వాటిలో సగం తండ్రివి. 'మా ఇంట్లో ఎవరికీ లేని బీపీ' అని కోడలిని సాధించే అత్తగార్లు కాస్త ఆలోచించుకోవాలి.

తల్లుల జన్యువులపై పెద్ద అధ్యయనం 2023లో నేచర్ మెడిసిన్‌లో వచ్చింది. ప్రీఎక్లాంప్సియా వచ్చిన ఇరవై వేల మందికి పైగా తల్లులను పరిశీలించి, గర్భిణుల బీపీతో ముడిపడిన 18 జన్యు స్థానాలను గుర్తించారు. వాటిలో ఒకటి, ఒంట్లోని ఉప్పునూ నీటినీ బయటికి పంపమని గుండె విడుదల చేసే హార్మోన్‌కు చెందిన జన్యువు దగ్గరే ఉంది. అంటే గుండెకూ కాన్పు బీపీకీ చుట్టరికం పాతదే. ఇలాంటి చిన్న చిన్న తేడాలన్నీ కూడితే ఒక స్కోరు వస్తుంది.

అయితే ఈ లెక్కలు ఎక్కువగా ఐరోపా సంతతి వారి రక్త నమూనాలతో కట్టినవి. మనకు అంత కచ్చితంగా సరిపోవు. మన గుండె జన్యువుల తీరు వేరని హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు 2009లోనే చూపారు. గుండె కండరానికి సంబంధించిన ఎంవైబీపీసీ3 జన్యువులో ఒక లోపం భారతీయుల్లో నూటికి నలుగురిలో ఉందని తేల్చిన బృందంలో వాళ్లున్నారు. దానికి కాన్పు బీపీతో ముడిపెట్టలేం కానీ, మన లెక్క మనమే కట్టుకోవాలనడానికి అదో సాక్ష్యం. పదివేల మంది భారతీయుల జన్యుక్రమాల సమాచారం 2025 జనవరిలో పరిశోధకుల చేతికొచ్చింది.

పెట్టె అడుగున కార్డు

ఈలోగా మార్కాపురం వైపు పుల్లలచెరువు లాంటి చోట ఓ ఇల్లాలి సంగతి ఊహించండి. తొలికాన్పు పుట్టింట్లో. బీపీ రాసిన తల్లీబిడ్డల కార్డు అక్కడే పెట్టె అడుగున ఉండిపోతుంది. తర్వాత అత్తారిల్లు, ఆపైన పనుల కోసం గుంటూరో, హైదరాబాదో. నలభై ఏళ్లకు ఆయాసమొచ్చి ఆసుపత్రికెళ్తే, 'గతంలో బీపీ ఉందా?' అన్న ప్రశ్నకు 'లేదండీ' అన్నదే జవాబు! ఏ జన్యు పరీక్షా లేకుండానే ముప్పును చెప్పగలిగే కాగితం ఎక్కడో చెదలు పడుతుంటుంది.

ఆ కార్డును దాచుకోండి. కాన్పయ్యాక కూడా తీవ్రమైన తలనొప్పి, కళ్లు మసకలు, పైకడుపులో నొప్పి ఉంటే 108కి ఫోన్ చేయాల్సిందే. బీపీ మామూలైందో లేదో మూడు నెలల్లోపు చూపించుకోవాలి. ఆ తర్వాత ఏటా బీపీ, వీలునుబట్టి షుగర్, కొలెస్ట్రాల్ పరీక్షలు. మళ్లీ నెల తప్పితే మూడో నెల దాటకముందే డాక్టరుకు పాత సంగతి చెప్పాలి. అవసరమనుకుంటే చిన్న మోతాదు ఆస్పిరిన్ మొదలుపెడతారు. సొంతంగా మాత్రం వేసుకోకూడదు. అన్నట్టు, అమ్మకో అక్కకో కాన్పులో బీపీ వచ్చిందేమో కూడా అడిగి డాక్టరుకు చెప్పండి. వాళ్లకు వచ్చి ఉంటే మీకూ వచ్చే అవకాశం ఎక్కువ.