చేతిరాత చీటీతో విమానం ఎక్కారు

శంషాబాద్ విమానాశ్రయం పేరు మీరు వినే ఉంటారు. మీ ఊరి నుంచి దుబాయికో, మస్కట్‌కో పనికి పోయినవాళ్లు అక్కడే విమానం ఎక్కి ఉంటారు. 2008 మార్చి నుంచి విమానాలు అక్కడ దిగుతున్నాయి. అంతకుముందు బేగంపేటలో దిగేవి.

విమానం ఎక్కాలంటే టికెట్టు ఒక్కటే చాలదు. కౌంటరు దగ్గర పేరు చూపించాలి. పెట్టె తూకం వేయించాలి. అప్పుడు ఒక చీటీ ఇస్తారు. దాన్ని బోర్డింగ్ పాస్ అంటారు. మీ పేరు, విమానం నంబరు, సీటు నంబరు ఆ చీటీ మీద ఉంటాయి. ఈ చీటీని కంప్యూటరు అచ్చువేసి ఇస్తుంది. ఫోనులో కూడా పంపుతుంది.

2024 జులై 19న, శుక్రవారం నాడు, ఆ కంప్యూటర్లు మొరాయించాయి. ఇండిగో, ఆకాశ, స్పైస్‌జెట్ వంటి విమాన కంపెనీల పని ఆగిపోయింది. జనం బారులు తీరారు. విమానాలు ఆలస్యమయ్యాయి. కొన్ని రద్దయ్యాయి.

అప్పుడు కౌంటర్లలో ఉన్న సిబ్బంది ఏం చేశారు? పెన్ను తీశారు. పేరు రాశారు. ఏ ఊరి నుంచి ఏ ఊరికో రాశారు. తేదీ, విమానం నంబరు, సీటు నంబరు రాశారు. చీటీ చేతిలో పెట్టారు. హైదరాబాదు నుంచి కలకత్తా పోయే ప్రయాణికుడు ఒకాయన తన చేతిరాత చీటీని ఫోటో తీసి పెడితే, దేశమంతా దాన్ని చూసింది. ఢిల్లీలో అయితే ఏ విమానం ఎప్పుడు పోతుందో తెల్లబోర్డు మీద రాసిపెట్టారు. బడిలో పంతులుగారు రాసినట్టే!

అంత పెద్ద విమానాశ్రయంలో కంప్యూటర్లు ఎందుకు ఆగాయి? దొంగలు పడ్డారా? లేదు. కరెంటు పోయిందా? అదీ కాదు. ఒక చిన్న అప్‌డేట్ వచ్చింది. అంతే.

కాపలాదారు పడిపోయాడు

అప్‌డేట్ అంటే కొత్త మార్పు. ఇది అర్థం కావాలంటే ముందు ఇంకో మాట తెలుసుకోవాలి.

ప్రతి కంప్యూటరులోనూ, ప్రతి ఫోనులోనూ ఒక పెత్తనం ఉంటుంది. దాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. ఇంట్లో పెద్దమ్మ ఉన్నట్టు అనుకోండి. పొయ్యి మీద ఏం పెట్టాలి, ఎవరికి ఎంత వడ్డించాలి, గాదె తాళం ఎవరికి ఇవ్వాలి, అన్నీ ఆమె చూస్తుంది. కంప్యూటరులో ఆ పని ఆపరేటింగ్ సిస్టమ్‌ది. ఆఫీసు కంప్యూటర్లలో ఎక్కువగా ఉండేది విండోస్. దాన్ని తయారుచేసింది మైక్రోసాఫ్ట్ అనే కంపెనీ. ఆ కంపెనీని నడిపే సత్య నాదెళ్ల మన హైదరాబాదులోనే పుట్టారు. బేగంపేట పబ్లిక్ స్కూల్లో చదివారు.

పెద్ద ఆఫీసులు విండోస్‌తో ఊరుకోవు. దొంగలు చొరబడకుండా ఒక కాపలాదారును కూడా పెట్టుకుంటాయి. మనిషి కాదు, అదీ ఒక ప్రోగ్రామే. క్రౌడ్‌స్ట్రైక్ అనే అమెరికా కంపెనీ అలాంటి కాపలా ప్రోగ్రామును అమ్ముతుంది. ఈ కాపలాదారు గేటు దగ్గర నిలబడే రకం కాదు. ఇంటి నడిమధ్యన ఉంటాడు. అన్ని తాళాలూ అతని దగ్గరే ఉంటాయి.

దొంగలు రోజుకో వేషం వేస్తారు. అందుకని కంపెనీ కాపలాదారుకు కొత్త గుర్తుల జాబితా పంపుతూ ఉంటుంది. ఆ రోజు కూడా పంపింది. మన టైము ప్రకారం పొద్దున 9 గంటల 39 నిమిషాలకు పంపింది. ఆ జాబితా 21వ గడిలో చూడమని చెప్పింది. కాపలాదారు దగ్గర ఉన్నవి 20 గడులే. లేని గడి కోసం వెతికి అతను కుప్పకూలాడు. తాళాలన్నీ అతని దగ్గరే కదా! అతనితోపాటు ఇల్లంతా మూతపడింది. తెర నీలంగా మారింది. కంప్యూటరును ఆపి మళ్లీ వేస్తే మళ్లీ నీలమే.

ప్రపంచం మొత్తం మీద 85 లక్షల కంప్యూటర్లు ఇలా ఆగాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. విండోస్ ఉన్న కంప్యూటర్లలో ఇది నూటికి ఒకటి కూడా కాదు. కానీ ఆ ఒక్కటీ విమానాశ్రయాల్లో, బ్యాంకుల్లో, ఆస్పత్రుల్లో ఉంది. అమెరికాలో డెల్టా అనే విమాన కంపెనీ ఒక్కటే అయిదు రోజుల్లో దాదాపు 7,000 విమానాలు రద్దు చేసింది.

తప్పు తెలిసి కంపెనీ 10 గంటల 57 నిమిషాలకు ఆ జాబితాను వెనక్కి తీసుకుంది. అంటే గంటా పద్దెనిమిది నిమిషాలు. ఆ సమయంలో ఆపి ఉంచిన కంప్యూటర్లకు ఏమీ కాలేదు. పడిపోయినవాటి సంగతి వేరు. అవి లేవడమే లేదు. లేవనివాటికి దూరం నుంచి మందు పంపడం ఎలా? మనిషి ఒక్కో కంప్యూటరు ముందు కూర్చుని, ఒక్కో చెడ్డ ఫైలు తీసేయాల్సి వచ్చింది. మన దేశంలో విమాన కంపెనీల పని మర్నాడు, అంటే జులై 20న, తెల్లవారుజామున 3 గంటల నుంచి మామూలు దారికి వచ్చిందని విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు చెప్పారు.

అన్నం ఉడికిందా లేదా అని మనం ఒక్క మెతుకు పట్టి చూస్తాం. కంపెనీ ఆ పని చేయలేదు. లోపల పరీక్ష చేశారు గానీ, ముందు కొద్దిమందికి పంపి, బాగుంటే మిగతావారికి పంపే పద్ధతి ఈ జాబితాలకు లేదు. అందరికీ ఒకేసారి వడ్డించారు. ఆ తర్వాత క్షమాపణ చెప్పి, ఇకపై విడతలవారీగా పంపుతామన్నారు. ఇంత చదువుకున్నవాళ్లకు ఆ మెతుకు సంగతి ముందే తట్టకపోవడం వింతే.

అప్‌డేట్ చేయకపోతే?

ఇంత గొడవ ఉంటే అసలు అప్‌డేటే వద్దు అనిపిస్తుంది. కానీ చేయకపోవడం వల్ల వచ్చిన ముప్పు కూడా మనవాళ్లు చూశారు.

2017 మేలో వన్నాక్రై అనే వైరస్ వచ్చింది. అది కంప్యూటరులోకి దూరి, ఫైళ్లకు తాళం వేసింది. తాళం తీయాలంటే 300 డాలర్లు కట్టమంది. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. ఇంగ్లండులో ఆస్పత్రులు రోగులను వెనక్కి పంపాయి. విచిత్రం ఏమిటంటే, ఆ వైరస్ దూరిన కంతను పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, 2017 మార్చిలోనే ఇచ్చింది. దాన్ని వేసుకోనివాళ్లే ఎక్కువగా దెబ్బతిన్నారు.

పాత ఇంటి కప్పుకు కంతలు పడుతూనే ఉంటాయి. వానకు ముందే కప్పుకోవాలి. అప్‌డేట్లు చాలావరకు ఆ పనికే వస్తాయి. అయితే కంపెనీలు ఎల్లకాలం కంతలు పూడ్చవు. విండోస్ 10కి మామూలుగా ఇచ్చే మరమ్మతులు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. విండోస్ 11కు మారమన్నారు. మారినవాళ్లకు మొదట కొంత తికమక. ఎడమ మూలన ఉండే మీట తెర మధ్యకు వచ్చింది. కొన్ని పాత కంప్యూటర్లకు అసలు కొత్తది ఎక్కనే ఎక్కదు.

మీ చేతిలోని ఫోను

మీ ఫోనులోనూ ఒక పెత్తనం ఉంది. చాలా ఫోన్లలో దాని పేరు ఆండ్రాయిడ్. "అప్‌డేట్ చేయండి" అని అది అప్పుడప్పుడు అడుగుతుంది. అడిగింది ఫోనేనా అని ముందు చూసుకోండి. సెట్టింగ్స్‌లోకి పోయి చూస్తే, నిజమైన అప్‌డేట్ అక్కడ కనిపిస్తుంది.

చేసేముందు ఫోనుకు చార్జింగ్ బాగా పెట్టండి. సగం పనిలో ఫోను ఆగిపోతే మొత్తం పాడవవచ్చు. ముఖ్యమైన ఫోటోలు ఇంకోచోట దాచండి. నలుగురైదుగురి ఫోను నంబర్లు నోటుబుక్కులో రాసుకోండి. ఇప్పుడు మీకు రాయడం వచ్చు కదా! ఇంటాయన నంబరు, కొడుకు నంబరు, సంఘం లీడరు నంబరు, ఇవి ఫోనులోనే ఉంటే, ఫోను ఆగిన రోజు ఎవరికి చెప్పుకోవాలో కూడా తెలియదు. సంఘం డబ్బు కట్టే రోజునో, ఊరికి బయలుదేరే రోజునో అప్‌డేట్ పెట్టుకోవద్దు. తీరికగా ఉన్నప్పుడు చేయండి.

అయిన తర్వాత ఫోను ఒకసారి ఆగి మళ్లీ లేస్తుంది. అది లేచేదాకా కొంచెం సేపు పడుతుంది. గాబరాపడి మీటలు నొక్కవద్దు. గుర్తులు చోటు మారవచ్చు. అక్షరాలు చిన్నవి కావచ్చు. సెట్టింగ్స్‌లో అక్షరాలను మళ్లీ పెద్దవి చేసుకోవచ్చు.

ఇక దొంగ అప్‌డేట్ సంగతి. "మీ బ్యాంకు యాప్ అప్‌డేట్ చేయకపోతే ఈ రాత్రికే ఖాతా ఆగిపోతుంది" అని వాట్సాప్‌లో ఒక మెసేజి వస్తుంది. కింద ఒక ఫైలు ఉంటుంది. దాని పేరు చివర ఎ, పి, కె అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. దాన్ని నొక్కితే అది ఫోనులోకి దిగి, మీకు వచ్చే ఓటీపీలను దొంగకు చేరవేస్తుంది. ఖాతాలో డబ్బు పోతుంది. బ్యాంకు ఏదీ వాట్సాప్‌లో ఇలాంటి ఫైలు పంపదు. నొక్కకండి. అనుమానం ఉంటే పాస్‌బుక్కు తీసుకుని బ్యాంకుకే పోయి అడగండి.

ఒకవేళ నొక్కేసి డబ్బు పోతే, సిగ్గుపడి దాచవద్దు. ఇంట్లో తిడతారని ఒకరోజు ఆగితే డబ్బు ఇంకో ఖాతాకు, అక్కడి నుంచి మరో ఖాతాకు పోతుంది. వెంటనే చేస్తే మధ్యలో ఆపే వీలుంటుంది. ఫోను చేయాల్సిన నంబరు 1930. పక్కింటివాళ్ల ఫోను నుంచి చేసినా సరే. ఏ బ్యాంకు, ఎంత పోయింది, ఎన్ని గంటలకు పోయింది, ఇవి అడుగుతారు. చేసేముందు కాగితం మీద రాసి దగ్గర పెట్టుకోండి.