రాగికి తగరం తోడైతేనే మోత: సింగింగ్ బౌల్ కొనేముందు తెలుసుకోవాల్సిన సంగతులు

ధ్యానం క్లాసుల్లో, స్పాల్లో, ఆన్‌లైన్ షాపింగ్ యాప్‌లలో ఇప్పుడు ఒక గిన్నె బాగా కనిపిస్తోంది. దాని పేరు సింగింగ్ బౌల్. చిన్న మెత్త మీద పెట్టి, చెక్క కర్రతో అంచు చుట్టూ తిప్పితే సన్నగా మొదలైన మోత గదంతా నిండిపోతుంది. నిద్ర పట్టనివాళ్లు, ఆఫీసు టెన్షన్ తగ్గాలనుకునేవాళ్లు కొంటున్నారు. చూడటానికి ఒకేలా ఉన్న గిన్నె ఒకచోట కొన్ని వందలకే దొరుకుతుంది, ఇంకోచోట వేలల్లో చెబుతారు. "ఏడు లోహాలతో చేసింది", "హిమాలయాల ప్రాచీన విద్య" అని కూడా రాసి ఉంటుంది. డబ్బు పెట్టేముందు ఇందులో లోహం విలువ ఎంత, చేతి పని విలువ ఎంత, వట్టి మాటల విలువ ఎంత అన్నది విడదీసి చూసుకోవాలి.

మోత ఎక్కడి నుంచి వస్తుంది?

రాగి మెత్తటి లోహం. రాగి చెంబును గరిటెతో కొడితే చప్పుడు వస్తుంది కానీ త్వరగానే ఆగిపోతుంది. అదే రాగిలో తగరం కలిపితే కంచు అవుతుంది, గట్టిపడుతుంది, మోగుతుంది. గట్టిగా పలికే గొంతును మనం 'కంచు కంఠం' అనడం ఊరికే కాదు. గంటలకు, మంచి సింగింగ్ బౌళ్లకు వాడే కంచులో 100 పాళ్లకు సుమారు 78 పాళ్లు రాగి, 22 పాళ్లు తగరం ఉంటాయి.

కర్ర తిప్పితే మోగడంలో మంత్రం ఏమీ లేదు. గాజు గ్లాసు అంచు మీద తడి వేలు తిప్పితే ఎలా పలుకుతుందో ఇదీ అంతే. కర్ర అంచును పట్టుకుంటూ, జారుతూ, మళ్లీ పట్టుకుంటూ వెళ్తుంది. ఆ రాపిడికి గిన్నె గోడలు కంపిస్తాయి. చేత్తో కొట్టిన గిన్నె మందం అన్నివైపులా ఒకేలా ఉండదు కాబట్టి, కాస్త తేడా ఉన్న రెండు స్వరాలు ఒకేసారి పలుకుతాయి. అవి కలిసినప్పుడు మోత అలలాగా పెరుగుతూ తగ్గుతూ వినిపిస్తుంది. చాలామందికి హాయిగా అనిపించేది ఆ అలే.

చేతి పని అంటే ఏమిటి?

నేపాల్‌లోని పాటన్ (లలిత్‌పూర్) లోహపు పనికి పేరున్న ఊరు. అస్సాంలోని సార్థేబారిలో, ఒడిశాలోని కొన్ని ఊళ్లలో కూడా కంచు పని తరతరాలుగా ఉంది. పద్ధతి దాదాపు ఒకటే. కంచును కరిగించి మందపాటి బిళ్లగా పోస్తారు. దాన్ని కొలిమిలో ఎర్రగా కాలుస్తారు. ఒకరు పట్టకారుతో పట్టుకుని తిప్పుతుంటే మిగతావాళ్లు వంతులవారీగా సుత్తి దెబ్బలు వేస్తారు. ఇంత తగరం ఉన్న కంచు చల్లారాక కొడితే పగిలిపోతుంది. అందుకే కొన్ని దెబ్బలు వేయడం, మళ్లీ కొలిమిలో పెట్టడం, మళ్లీ కొట్టడం. చివర్లో ఎర్రగా ఉన్నప్పుడే నీళ్లలో ముంచుతారు, దాంతో ఆ పెళుసుతనం కొంత తగ్గుతుంది.

చవక గిన్నెల కథ వేరు. చాలావరకు అవి అచ్చులో పోసినవి లేదా మెషిన్ మీద చేసినవి. లోహం కూడా తరచూ ఇత్తడి, అంటే రాగి, జింకు కలిపినది. అవి కూడా మోగుతాయి, కాకపోతే మోత తొందరగా ఆగిపోతుంది. ధరలో తేడాకు మొదటి కారణం తగరం. అది రాగి కంటే ఖరీదైన లోహం. రెండో కారణం కొలిమి దగ్గర ఇంతమంది పెట్టిన గంటలు.

"ఏడు లోహాలు", "టిబెట్" మాటల్లో నిజమెంత?

బంగారం, వెండి, పాదరసం సహా ఏడు లోహాలు కలిపారని చాలా ప్రకటనల్లో ఉంటుంది. పాత గిన్నెలను ల్యాబుల్లో పరీక్షిస్తే ప్రధానంగా కనిపించింది రాగి, తగరమే. పాదరసం 357 డిగ్రీలకే ఆవిరైపోతుంది. కంచు కరగాలంటే దానికి రెట్టింపు కంటే ఎక్కువ వేడి కావాలి. ఇక ఆ ధరకు బంగారం కలిపి ఇచ్చే వ్యాపారి ఎవరూ ఉండరు, అది మామూలు లెక్క.

టిబెట్‌లో పూర్వం నుంచి ఈ గిన్నెలను ధ్యానానికే మోగించారనడానికి గట్టి ఆధారాలు దొరకలేదు. హిమాలయ ప్రాంతాల్లో ఇలాంటి గిన్నెలు తిండికి, ధాన్యానికి, నైవేద్యానికి వాడేవాళ్లు. 1972లో హెన్రీ వుల్ఫ్, నాన్సీ హెన్నింగ్స్ తెచ్చిన 'టిబెటన్ బెల్స్' అనే ఆల్బమ్ తర్వాత పాశ్చాత్య దేశాల్లో వీటి మోజు పెరిగింది. ఆ మోజే తిరిగి మన దగ్గరికి వచ్చింది.

ఆరోగ్యం సంగతికి వస్తే, 2017లో అమెరికాలో 62 మందిపై చేసిన ఒక అధ్యయనం ప్రచురితమైంది. గిన్నెల మోత విన్నాక టెన్షన్, కోపం, అలసట తగ్గాయని వాళ్లు చెప్పారు. అయితే పోల్చి చూడటానికి మోత విననివాళ్ల గ్రూపు అందులో లేదు. కాబట్టి మనసుకు కాస్త హాయి అనుకోవచ్చు. బీపీకి, షుగర్‌కు, డిప్రెషన్‌కు ఇదే మందు అని ఎవరైనా అంటే నమ్మొద్దు, వాడుతున్న మందులు ఆపొద్దు. ఇక దీన్ పరంగా ఇలాంటి క్లాసులకు వెళ్లొచ్చా, మంత్రాలు కలిపి చేయిస్తే ఎలా అన్న సందేహం ఉంటే నమ్మకమున్న ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవడం మంచిది.

అదే తగరం, మన దస్తర్‌ఖాన్ మీద

రాగిలో కలిసి మోత పుట్టించే తగరమే, రాగి మీద పూతగా వేస్తే పాత్రను తిండికి పనికొచ్చేలా చేస్తుంది. అదే కళాయి. దీన్ని బాగా చూడాలంటే కాశ్మీర్ వైపు చూడాలి.

శ్రీనగర్ పాత బస్తీలో, ముఖ్యంగా జైనా కదల్ చుట్టుపక్కల రాగి దుకాణాలు వరసగా ఉంటాయి. ఈ పనితనం 14వ శతాబ్దంలో హజ్రత్ మీర్ సయ్యద్ అలీ హమదానీ (షాహె హమదాన్) వెంట ఇరాన్, మధ్య ఆసియా నుంచి వచ్చిన కారీగర్లతో పెరిగిందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. నిప్పుల గొట్టం లోపలే ఉండే సమావార్, అతిథుల చేతులు కడిగించే తష్త్-నారి, వాజ్వాన్ విందులో నలుగురు కలిసి తినే త్రామి, అన్నీ రాగివే.

ఒక్క సమావార్ వెనక ఎన్నో చేతులుంటాయి. రేకును కొట్టి ఆకారం తెచ్చేవాళ్లను అక్కడ 'ఠాంఠుర్' అంటారు. ఉలితో తీగలు, ఆకులు, చినార్ నమూనాలు చెక్కేది నక్కాష్. ఈ చెక్కుడు పనే కందాకారీ. మెరుగు పెట్టేవాళ్లు వేరు, లోపల కళాయి వేసేవాళ్లు వేరు. మెషిన్ సరుకు ఈ గొలుసునంతటినీ దెబ్బ తీస్తుందనే, చేతిపని కిందికి వచ్చే కొన్ని రాగి పాత్రలను యంత్రంతో చేయకూడదని జమ్మూకాశ్మీర్‌లో 2006లో చట్టం చేశారు. అయినా మెషిన్ సరుకునే చేతి పని అని అమ్ముతున్నారని కారీగర్లు వాపోతూనే ఉన్నారు. చేతితో వారాల తరబడి చెక్కినదీ, డైతో అద్దినదీ దూరం నుంచి ఒకేలా కనబడతాయి. తెలియని కొనుగోలుదారు చవకైనదే తీసుకుంటాడు, నక్కాష్ కొడుకు వేరే పని వెతుక్కుంటాడు.

మన దగ్గర కూడా ఇదే జరుగుతోంది. హైదరాబాద్‌లో బిర్యానీ, హలీం రాగి దేగ్‌లకు కళాయి వేసే పని ఉంది. ఒకప్పుడు వీధుల్లో "పాత్రలకు కళాయి వేస్తాం" అనే కేక వినబడేది. స్టీలు, అల్యూమినియం వచ్చాక ఆ కేక తగ్గిపోయింది. పాత్రను తోమి, వేడి చేసి, నవాసాగరం చల్లి, తగరం ముక్క రాసి, దూదితో ఒక్క ఊపులో తుడుస్తారు. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి చిన్న కొలిమి చాలు. కానీ చెయ్యి తిరిగి ఉండాలి.

కళాయి లేని రాగిలో చింతపండు, పెరుగు, నిమ్మకాయ, టమాటా వంటి పులుపు వండినా, నిలవ ఉంచినా రాగి తిండిలోకి దిగుతుంది. వికారం, వాంతులు, కడుపునొప్పి రావచ్చు. లోపల ఎర్రగా రాగి కనబడటం మొదలైందంటే మళ్లీ కళాయి వేయించాలి.

కొనేముందు ఇవి చూడండి

అయస్కాంతం పెట్టి చూడండి. రాగికి, కంచుకు, ఇత్తడికి అది అంటుకోదు. అంటుకుంటే లోపల ఇనుము ఉన్నట్టే.

సింగింగ్ బౌల్ అయితే అరచేతిలో పెట్టుకుని ఒక్కసారి మెల్లగా కొట్టి, మోత ఎంతసేపు నిలుస్తుందో వినండి. వినకుండా ఆన్‌లైన్‌లో పెద్ద ధర పెట్టొద్దు.

సుత్తి గుర్తులు చూసి మోసపోవద్దు, అవి మెషిన్‌తో కూడా వేస్తారు. చేతి పనిలో ఏ రెండు గుర్తులూ ఒకేలా ఉండవు, నగిషీ కూడా అచ్చు గుద్దినట్టు ఉండదు.

ఏ లోహం, ఎంత బరువు, చేతిదా మెషిన్‌దా అన్నది బిల్లులో రాయమని అడగండి. నిజంగా చేతి పని అమ్మేవాళ్లు రాయడానికి వెనకాడరు.

ఇంట్లో నానీ, దాదీ కాలం నాటి రాగి దేగ్ అటక మీద ఉంటే తూకానికి అమ్మేయొద్దు. కళాయి వేసేవాళ్లు ఇంకా ఎక్కడున్నారో కనుక్కుని, రంజాన్‌కు ముందే ఒకసారి పూత వేయించండి. పాత్ర ఇంకో తరానికి పనికొస్తుంది, ఆ కారీగర్‌కు ఆ రోజు పని దొరుకుతుంది.