అడవికి పాత సంచి

గుడారంలో ఆదుకునే ప్లాస్టిక్ సంచి తిరిగి ఇంటికి చేరకపోతేనే చిక్కు

రాయ్‌పూర్‌కు సుమారు వంద కిలోమీటర్ల దూరంలోని బార్నవాపారా అభయారణ్యాన్ని వర్షాకాలంలో మూసి, నవంబరులో తెరుస్తారు. ఆపైన వారాంతం వస్తే చాలు, నగరం నుంచి కుటుంబాలు, కాలేజీ కుర్రాళ్లు అటువైపు బయల్దేరతారు. కొందరు వసతి గృహాల్లో దిగితే, మరికొందరు అనుమతి ఉన్నచోట గుడారం వేస్తారు. టెంటుకు, స్లీపింగ్ బ్యాగుకు వేలు పోసినవారు సైతం అక్కడ వెతుక్కునే వస్తువు ఒకటుంది. వంటింటి తలుపు వెనక వేలాడే పాత ప్లాస్టిక్ సంచి.

వీపు బ్యాగుపైన తొడిగే రెయిన్ కవరుకన్నా లోపల వేసిన పెద్ద సంచే నమ్మకమైనది. వాన నీరు కుట్ల గుండా, వీపు వైపు నుంచి దిగినా సంచిలో మూతి మెలేసి కట్టిన బట్టలు తడవవు. అగ్గిపెట్టెకు, మందులకు విడిగా చిన్న సంచులు చాలు. చలికాలంలో వాన లేకున్నా మంచు ఉంటుంది. రాత్రి బయట వదిలిన బూట్లు తెల్లారేసరికి తడిసిపోతాయి. పొడి మేజోళ్ల మీద సంచి తొడుక్కుని ఆ బూట్లలో కాళ్లు పెడితే కాసేపు నడవొచ్చు. అంతకు మించితే చెమటే తడిపేస్తుంది. పెద్ద సంచులు చీల్చి పక్క కింద పరిస్తే నేల చెమ్మ పైకి రాదు. కానీ మీద కప్పుకోకూడదు. ఒంటి ఆవిరి నీరై పక్కంతా తడుస్తుంది. ఊపిరాడని ప్రమాదం ఉంది గనక పిల్లల చేతికి అసలే ఇవ్వకూడదు.

నీళ్లు అయిపోతే? ఎండ తగిలే ఆకుల కొమ్మకు పారదర్శకమైన సంచి తొడిగి మూతి బిగించి కడితే, కొన్ని గంటల్లో ఆకులు వదిలిన ఆవిరి చుక్కలుగా అడుగున చేరుతుంది. గొంతు తడుపుకోవడానికి మించి దొరకదు. గన్నేరు, జిల్లేడు లాంటి విషపు మొక్కల జోలికి మాత్రం పోకూడదు.

తిండి విషయంలో సంచిని నమ్మడం తెలివితక్కువతనం. పల్చటి ప్లాస్టిక్ వాసనను ఆపలేదు. ఇది ఎలుగుబంట్లు తిరిగే ప్రాంతం. పొరుగున మహాసముంద్ జిల్లాలోని చండీమాత గుడికి అవి ప్రసాదం కోసం వచ్చిన సంగతి వార్తలకెక్కింది కూడా. కాబట్టి తినుబండారాలను పడుకునే గుడారంలో ఉంచకూడదు.

అసలు సమస్య తిరుగు ప్రయాణంలో మొదలవుతుంది. ఉప్పు, నూనె అంటిన సంచిని జింకలు, పశువులు నమిలితే అది కడుపులో ఉండగట్టి మేతను అడ్డుకుంటుంది. మంటలో వేస్తే విషపు పొగ. అభయారణ్యంలో చెత్త వేయడాన్ని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమే నిషేధించింది. 120 మైక్రాన్లకన్నా పల్చటి క్యారీబ్యాగులపై 2022 డిసెంబరు 31 నుంచి దేశమంతటా నిషేధం ఉంది గనక అడవి కోసం కొత్తవి కొనే ప్రశ్నే లేదు. ఇంట్లో మిగిలిన మందపాటివి చాలు. వెళ్లేటప్పుడు లెక్కపెట్టుకుని, తిరిగొచ్చేటప్పుడు అదే లెక్క సరిచూసుకోవాలి. వాటిలో ఒకటి చెత్త కోసమే ఉంచుకోవాలి. విస్తళ్లకు, కప్పులకు ప్లాస్టిక్ ఎందుకు, ఛత్తీస్‌గఢ్ అడవుల్లో మోదుగాకు దొప్పలకు కొరతా!