ఫోన్‌లో సంతకం చెల్లుతుందా? కాలిఫోర్నియా నో అంది, ఆరిజోనా ఓకే అంది

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో క్యాండిడేట్ పేరు బ్యాలెట్‌పైకి రావాలంటే ఓటర్ల సంతకాలు సేకరించాలి. మరి ఆన్‌లైన్‌లో పెడితే?

2010లో యూటా సుప్రీంకోర్టు గవర్నర్ అభ్యర్థి కేసులో చెల్లుతుందంది. 2011లో కాలిఫోర్నియా అప్పీల్ కోర్టు మాత్రం, ఓ ప్రజా ప్రతిపాదన పిటిషన్‌పై ఐఫోన్ స్క్రీన్ మీద గీసిన సంతకాన్ని ఒప్పుకోలేదు.

ఆరిజోనా అసలు గీతల గొడవే లేకుండా చేసింది. అక్కడి ప్రభుత్వ పోర్టల్ ఈ-క్వాల్‌లో మన వివరాలు ఓటరు రికార్డుతో మ్యాచ్ అయితేనే సైన్ పడుతుంది. పేపర్ మీదైతే ఈ చెకింగ్ తర్వాత జరుగుతుంది, ఇక్కడ ముందే అయిపోతుంది.

రిస్క్ కూడా అక్కడే ఉంది. ఫిషింగ్ వాళ్లకు కావాల్సిందీ ఆ వివరాలే. ఫీనిక్స్‌లో ఓటున్న మనవాళ్లకు వాట్సాప్‌లో లింక్ వస్తే, డొమైన్ చివర డాట్ గవ్ ఉందో లేదో చూశాకే టైప్ చేయండి. హెచ్‌1బీ, గ్రీన్ కార్డ్ ఫ్రెండ్స్‌కు ఫార్వర్డ్ చేయొద్దు, ఈ సంతకం ఓటర్లకే.