గిటారు ధ్వని: ఎఫెక్ట్స్ యూనిట్టా, యాంప్ మోడలరా?

ఎలక్ట్రిక్ గిటారు ధ్వనిలో తీగల పాత్ర కొంతే. మిగతాది యాంప్లిఫయర్, స్పీకర్లది.

మల్టీ ఎఫెక్ట్స్ యూనిట్ డిస్టార్షన్, కోరస్, డిలే, రివర్బ్ వంటి వాటిని ఒకే పెట్టెలో అందిస్తుంది. 1988లో వచ్చిన బాస్ ఎం.ఇ.-5 ఇందుకు ఉదాహరణ. యాంప్ మోడలింగ్ వేరు. వాల్వు యాంప్లిఫయర్ తరంగ శిఖరాలను ఎలా అణచివేస్తుందో గణిత నమూనాగా మార్చి, డిజిటల్ ప్రాసెసర్‌తో లెక్కిస్తారు. లైన్ 6 సంస్థ 1998లో తెచ్చిన పాడ్ ఈ పద్ధతికి ప్రాచుర్యం కల్పించింది.

వీటిలో ఏది కొనాలి? గిటారు స్పీకరు సుమారు 5,000 హెర్ట్జ్ పైనున్న ధ్వనులను బాగా తగ్గిస్తుంది. అందువల్ల డిస్టార్షన్‌ను నేరుగా ఆడిటోరియం మిక్సర్‌కు కలిపితే కర్కశంగా వినిపిస్తుంది. అక్కడ యాంప్ నమూనాతో పాటు స్పీకర్ క్యాబినెట్ నమూనా కూడా కావాలి. హెడ్‌ఫోన్స్‌తో సాధన చేసేవారికీ ఇంతే. మీకు మంచి గిటారు యాంప్లిఫయర్ ఉంటే ఎఫెక్ట్స్ చాలు. దాని ముందు క్యాబినెట్ నమూనాను కూడా నడిపితే, పై స్వరాలు రెండుసార్లు తగ్గి ధ్వని మసకబారుతుంది.

నేటి పరికరాల్లో చాలావరకు రెండు పనులూ చేస్తాయి. కాబట్టి పెట్టెపై పేరు చూసి డబ్బు ఖర్చు చేయకండి. కేబుల్ రెండో కొసను దేనికి తగిలిస్తారో ముందు నిర్ణయించుకోండి.