పరిచయం కూడా పెట్టుబడే

మేము ఎంబీఏలో చేరిన మొదటి వారంలో ఒక్కొక్కరినీ లేపి పరిచయం చేసుకోమన్నారు. ఒకడు తన తండ్రికి రైస్ మిల్లు ఉందన్నాడు. ఇంకొకడి మేనమామకు మందుల ఏజెన్సీ. మరో అమ్మాయి బాబాయి చార్టర్డ్ అకౌంటెంటు. ఐసెట్ రాసి, ఫీజు రీయింబర్స్‌మెంటు మీద సీటు తెచ్చుకున్న మేము నలుగురం వెనక బెంచీలో ఉన్నాం. ఊరి పేరు చెప్పాం. నాన్న ఏం చేస్తాడంటే వ్యవసాయం అన్నాం. కూలి అనడానికి నోరు రాలేదు.

ఆ పరిచయాల విలువ ఏమిటో మొదటి సంవత్సరం చివర తెలిసింది. ఏదైనా కంపెనీలో రెండు నెలలు ప్రాజెక్టు చేసి రిపోర్టు ఇవ్వాలి. కంపెనీని ఎవరికి వారే చూసుకోవాలన్నారు. రైస్ మిల్లు అతను ఒక్క ఫోను చేశాడు, పని అయిపోయింది. మేము కాలేజీ ఇచ్చిన ఉత్తరం పట్టుకుని పారిశ్రామికవాడలో గేటు గేటుకూ తిరిగాం. చాలాచోట్ల వాచ్‌మన్ దగ్గరే ఆగిపోయాం. చివరికి జిరాక్స్ సెంటర్లో పాత రిపోర్టు కొని, పేరు మార్చి, బైండింగ్ చేయించి ఇచ్చాం. మార్కులు వచ్చాయి, డిగ్రీ వచ్చింది. కంపెనీ లోపల ఎట్లా ఉంటుందో చూడకుండానే ఎంబీఏ అయిపోయింది.

ఇది మా చేతగానితనమని చాలా ఏళ్లు అనుకున్నాం. కాదు. ప్రతి బిజినెస్ కాలేజీలో రెండు సిలబస్‌లు ఉంటాయి. ఒకటి పుస్తకంలో ఉంటుంది: అకౌంటింగు, మార్కెటింగు, ఫైనాన్సు. రెండోది ఎక్కడా రాసి ఉండదు. ఎవరికి ఫోను చేయాలి, పెద్ద మనిషి గదిలోకి ఎట్లా వెళ్లాలి, ఏం అడగాలి, అప్పు ఎవరిస్తారు, సరుకు ఎవరు నమ్మి ఇస్తారు. వ్యాపార కులాల పిల్లలకు ఈ రెండోది ఇంట్లోనే, దుకాణంలో గల్లాపెట్టె పక్కన కూర్చున్నప్పుడే వచ్చేస్తుంది. వాడ నుంచి వచ్చినవాడికి ఇంట్లో రాదు, కాలేజీలో చెప్పరు. ఆ తర్వాత ఇంటర్వ్యూలో మాత్రం దాని మీదే మార్కులు వేసి, దానికి 'మెరిట్' అని పేరు పెడతారు.

ఒక్క చదువుతో ఈ గోడ కూలదని అంబేద్కర్ జీవితమే చెప్తుంది. బొంబాయిలో 1913లో మొదలైన సిడెన్‌హామ్ కామర్స్ కాలేజీలో ఆయన 1918లో పొలిటికల్ ఎకానమీ ప్రొఫెసరుగా చేరారు. అప్పటికే కొలంబియాలో చదివి వచ్చిన మనిషి. అయినా అధ్యాపకులు నీళ్లు తాగే కుండను ఆయన ముట్టుకోవడానికి తోటి ప్రొఫెసర్లు కొందరు అభ్యంతరం చెప్పారు. కామర్స్ కాలేజీ ఆయన విద్వత్తుకు జీతం ఇచ్చింది గానీ తన సమాజంలో చోటు ఇవ్వలేదు. వందేళ్ల తర్వాత కుండ పోయింది. ప్రాజెక్టు గేటు వచ్చింది.

మరి ఆ రెండో సిలబస్‌ను కూడా కాలేజీయే నేర్పగలదా? నేర్పిన చోటు ఒకటి ఉంది. అది అమెరికాలో నల్లవారు కట్టుకున్నది. 1972లో బొంబాయిలో పుట్టిన దళిత్ పాంథర్స్ తమ పేరును బ్లాక్ పాంథర్స్ నుంచి తీసుకున్న సంగతి మనకందరికీ తెలుసు. నల్లవారి పోరాటాల గురించి చాలా చదివాం. వాళ్లు సంస్థలను ఎట్లా నిలబెట్టారో తక్కువ చదివాం.

టాలహాసీలో ఏం జరిగింది

ఫ్లోరిడా రాష్ట్ర రాజధాని టాలహాసీలో ఫ్లోరిడా ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం ఉంది. 1887లో 15 మంది విద్యార్థులతో, ఇద్దరు అధ్యాపకులతో నల్లవారి కోసం మొదలైంది. తెల్లవారి విశ్వవిద్యాలయాలు తలుపులు మూసుకున్న కాలంలో అదే దిక్కు. 1956లో టాలహాసీ బస్సుల బహిష్కరణకు నిప్పు రాజేసింది ఇక్కడి ఇద్దరు విద్యార్థినులే. తెల్లవాళ్ల పక్కన సీట్లో కూర్చుని, లేవమంటే లేవలేదు.

ప్రభుత్వం ఈ విశ్వవిద్యాలయాన్ని ఎట్లా చూసిందో ఒక్క ఉదాహరణ చాలు. ఇక్కడ 1951లో లా కాలేజీ తెరిచారు. 1966లో అదే ఊళ్లో ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయానికి లా కాలేజీ ఇచ్చి, 1968లో నల్లవారి లా కాలేజీని మూసేశారు. మళ్లీ తెరవడానికి 2002 దాకా పట్టింది. ఉన్నది ఊడబెరికే అట్లాంటి రోజుల్లో, 1974లో, ఇక్కడ స్కూల్ ఆఫ్ బిజినెస్ అండ్ ఇండస్ట్రీ మొదలైంది.

దాని తొలి డీన్ సిబిల్ మోబ్లీ అనే నల్లజాతి మహిళ. ఆమె 1945లో ఈ విశ్వవిద్యాలయానికి వచ్చింది సెక్రటరీ ఉద్యోగానికి. తర్వాత వార్టన్‌లో ఎంబీఏ, 1964లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేసింది. 2003లో రిటైరయ్యేదాకా దాదాపు ముప్ఫై ఏళ్లు డీన్‌గా ఉంది. 2015లో చనిపోయింది. ఆఫీసులో ఉత్తరాలు టైపు చేసే చోటు నుంచి డీన్ కుర్చీ దాకా నడిచిన మనిషి గనుక, రాయని సిలబస్ ఎంత బరువో ఆమెకు తెలుసు.

1964 పౌరహక్కుల చట్టం ఉద్యోగాల్లో జాతి వివక్షను నిషేధించింది. అయితే చట్టం వచ్చినంత మాత్రాన కంపెనీ తలుపు తెరుచుకోదు. 'తగినవాళ్లు దొరకడం లేదు' అనే మాట అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. మోబ్లీ ఆ మాటకు జవాబుగా వాదన చెయ్యలేదు, ఒక పద్ధతి కట్టింది. ఇంట్లో రానిదాన్ని టైంటేబుల్లో పెట్టింది.

మొదటిది ఫోరం. పెద్ద కంపెనీల అధిపతులను కాలేజీకి రప్పించేవారు. విద్యార్థులు ఆఫీసుకు పోయినట్టు సూటు వేసుకుని రావాలి. ఆ కంపెనీ గురించి ముందే చదవాలి. ఉపన్యాసం అయ్యాక లేచి గట్టి ప్రశ్నలు అడగాలి. అతిథులకు మర్యాదలు చేసేదీ విద్యార్థులే. ఇందులో కీలకం గమనించండి. మేము కంపెనీ గేటు దగ్గర ఆగిపోయాం. అక్కడ కంపెనీయే విద్యార్థి ఇంటికి వచ్చింది. అడిగేవాడు వీడు, జవాబు చెప్పేవాడు వాడు. ఇరవై ఏళ్ల వయసులో పదిసార్లు అట్లా నిలబడి అడిగినవాడికి ఇంటర్వ్యూ గదిలో నాలుక తడారిపోదు.

రెండోది విద్యార్థులే నడిపే కంపెనీలు. కాలేజీ లోపలే ఉంటాయి. మీటింగు పెట్టడం, లెక్క చూపడం, తోటివాడి చేత పని చేయించడం, తప్పు జరిగితే ఒప్పుకోవడం అక్కడ నేర్చుకోవాలి. నాయకత్వం పుట్టుకతో రాదని, అది పని చేస్తే వచ్చేదని తేల్చే ఏర్పాటు ఇది.

మూడోది ఇంటర్న్‌షిప్. ఐదేళ్ల ఎంబీఏ చదివేవారికి కంపెనీల్లో పనిచేయడం కోర్సులో భాగం. కంపెనీలతో సంబంధాన్ని కాలేజీ తన పనిగా పెట్టుకుంది. విద్యార్థి అదృష్టానికి వదిలెయ్యలేదు.

ఈ మూడింటి వల్ల నాలుగోది దానంతట అదే పుట్టింది: సమాజం. ముందు బ్యాచివాడు ఉద్యోగంలో ఉంటే తర్వాతి బ్యాచివాడికి ఫోను చెయ్యడానికి ఒక నంబరు ఉన్నట్టే. మేనమామ లేనివాడికి సీనియరే మేనమామ. 1997లో టైమ్ పత్రిక, ప్రిన్స్‌టన్ రివ్యూ కలిసి ఈ విశ్వవిద్యాలయాన్ని ఆ ఏటి కాలేజీగా ఎంపిక చేశాయి.

సూటు వేసుకుంటే సరిపోతుందా

ఇక్కడ ఉద్యమ మిత్రులు ఒక ప్రశ్న అడుగుతారు, అడగాలి కూడా. ఇది కంపెనీలకు నల్ల గుమాస్తాలను తయారుచేయడం కాదా? కంపెనీల డబ్బు తీసుకున్న కాలేజీ కంపెనీలను ప్రశ్నించగలదా? మోబ్లీ కూడా పెద్ద కంపెనీల డైరెక్టర్ల బోర్డుల్లో కూర్చుంది. నలుగురు పైకి పోతే వాడ మొత్తం పైకి పోదు, నిజమే. భూమి, కూలి, హింస సమస్యలను ఏ బిజినెస్ కాలేజీ తీర్చలేదు.

అయితే మా సమాధానం ఇది. సూటు గురించి సందేహపడేవాళ్లు అంబేద్కర్ విగ్రహాన్ని ఒకసారి చూడాలి. లెక్క, అప్పు, ఒప్పందం, సరుకు అనే నాలుగు విషయాలు కొన్ని కులాల చేతుల్లోనే ఉన్నంత కాలం మన విముక్తి మాట కూడా వాళ్ల దగ్గర అప్పుగానే ఉంటుంది. 2012 నుంచి కేంద్ర ప్రభుత్వ సంస్థల కొనుగోళ్లలో 4 శాతం ఎస్సీ ఎస్టీల చిన్న పరిశ్రమల నుంచి కొనాలనే విధానం ఉంది. కాగితం మీద ఉన్న ఆ 4 శాతాన్ని అందుకోవాలంటే టెండరు ఎప్పుడు పడుతుందో, ఎట్లా నింపాలో, ఎవరిని అడగాలో తెలియాలి. అదీ రెండో సిలబస్‌లోదే.

పైగా దక్కిన తలుపులు మూతపడుతున్నాయి. అమెరికాలో 1994లో బిజినెస్ కాలేజీల్లో నల్లవారు, హిస్పానిక్‌లు, ఆదివాసులైన అధ్యాపకులు 300 మంది కూడా లేనప్పుడు, వాళ్లను పెంచడానికి పీహెచ్‌డీ ప్రాజెక్టు అనే కార్యక్రమం మొదలైంది. దానితో కలిసి పనిచేసినందుకు 45 విశ్వవిద్యాలయాల మీద 2025 మార్చిలో అక్కడి విద్యాశాఖ విచారణ ప్రకటించింది. అంతకుముందు 2023లో అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోవడాన్ని సుప్రీంకోర్టు కొట్టేసింది. మన దగ్గర అధ్యాపక పోస్టుల రిజర్వేషన్లకు 2019లో చట్టం వచ్చింది. వచ్చిన కొద్ది నెలలకే ఐఐఎంలు తమకు మినహాయింపు కావాలని కేంద్రాన్ని అడిగాయి. మేనేజ్‌మెంట్ నేర్పేవాళ్లు మమ్మల్ని మేనేజ్ చెయ్యడం ముందు నేర్చుకున్నారు.

మన చేతిలో ఉన్నది

ఇదంతా మనకు కొత్త కాదు. అంబేద్కర్ 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టారు. 1946లో మొదలైన సిద్ధార్థ కాలేజీ పొద్దున్నే తరగతులు నడిపింది, పగలు ఉద్యోగం చేసుకునేవాళ్లు చదువుకోవాలని. 1953లో అదే సొసైటీ బొంబాయిలో కామర్స్ కాలేజీ కూడా తెరిచింది. సిడెన్‌హామ్‌లో కుండ దగ్గర ఆగిన మనిషి మొదలుపెట్టిన సొసైటీయే మన పిల్లలకు కామర్స్ కాలేజీ ఇచ్చింది. విద్యార్థి బతుకును బట్టి కాలేజీ మారాలని ఆ తరగతుల వేళలే చెప్పాయి.

కొత్త కాలేజీలు కట్టే స్తోమత ఇవాళ మనకు లేకపోవచ్చు. ఉన్న కాలేజీల్లో అడగగలిగినవి ఉన్నాయి. ప్రాజెక్టుకు కంపెనీ చూపించే బాధ్యత కాలేజీదేనని రాతపూర్వకంగా అడుగుదాం. ఎస్సీ ఎస్టీ సెల్ అంటే ఫిర్యాదుల పెట్టె మాత్రమే కాదు, పాత విద్యార్థుల చిరునామాల పుస్తకం కూడా దాని దగ్గర ఉండాలి. బ్యాంకు మేనేజరును, దళిత పారిశ్రామికవేత్తను, ఆడిటరును నెలకొకరిని హాస్టలుకే పిలిపించి, మన పిల్లల చేత ప్రశ్నలు అడిగించాలి. అధ్యాపక మిత్రులు ఇది తమ పని కాదనుకోవద్దు. ఉద్యోగాల్లో కుదురుకున్నవాళ్లు కింది బ్యాచివాడి ఫోను ఎత్తాలి.

మొదటి పని చిన్నదే. ఈ వేసవిలో మీ కాలేజీ నుంచి ప్రాజెక్టుకు వెళ్లాల్సిన వాడపిల్లలు ఎంతమందో ఒక కాగితం మీద పేర్లు రాయండి. ఒక్కో పేరు ఎదురుగా వాళ్లకు తోడుగా గేటు దాకా ఎవరు వెళ్తారో రాయండి. ఆ కాగితం పట్టుకుని ప్రిన్సిపాల్ గదిలోకి నలుగురు కలిసి వెళ్లండి. ఒక్కరే వెళ్లొద్దు.