పిండము: తొలి దినములు



నంద్యాలకును ఆళ్లగడ్డకును నడుమనున్న శిరివెళ్ల ప్రాంతమున కోడిపెట్ట పొదుగుట చూడని పెద్దలుండరు. 21 దినములకు పిల్ల వెలువడునని యెల్లరెరుగుదురు. కాని ఆ పిల్ల శరీరమునకు పునాది మొదటి రెండు మూడు దినములలోనే పడుచున్నదని తెలిసినవారు తక్కువ.

పుంజు కలిసిన పెట్ట పెట్టిన గ్రుడ్డును పగులగొట్టి చూచినచో, పచ్చసొనపై చిన్న తెల్లని మచ్చ కానవచ్చును. పిల్ల కాదగినది అదియే. సొన దానికి ఆహారము. ఆరంభమున నది ఒకే కణము. అది రెండుగను, రెండు నాలుగుగను, నాలుగు ఎనిమిదిగను చీలుచు, గ్రుడ్డు తల్లి కడుపులోనుండగనే వేలకొలది కణములగును. గ్రుడ్డు బయట చల్లారినప్పుడు ఈ పని నిలిచిపోవును. పొదుగు పెట్ట వేడి తగిలిన మరల సాగును.

పొదిగిన మొదటి దినమున కణములు మూడు పొరలుగా నమరును. పైపొరనుండి చర్మము, మెదడు, వెన్నుపాము. నడిమి పొరనుండి గుండె, నెత్తురు, ఎముకలు, కండలు. లోపొరనుండి కాలేయము, ఊపిరితిత్తులు మొదలగునవి పుట్టును. రెండవ దినమున గుండె కొట్టుకొన నారంభించును. అప్పుడే వీపువైపున పైపొర దళసరియై, దాని రెండంచులును లేచి, తమలపాకు చుట్టినట్లు కలిసికొని గొట్టమగును. మెదడును వెన్నుపామును ఆ గొట్టమునుండియే యేర్పడును.

ఆవునకైనను, మేకకైనను, మానవునకైనను క్రమమిదియే. కాలమున మాత్రము భేదము. మానవ పిండమున ఈ గొట్టము సుమారు 28వ దినమునకే మూసికొనును. తాను గర్భవతినని తల్లికే అప్పటికి తెలియకపోవచ్చును. వెన్నువైపున అది మూసికొనకున్న వెన్ను చీలిన శిశువు పుట్టును. తలవైపున మూసికొనకున్న శిశువు దక్కదు. ఆ గడువు దాటిన పిమ్మట ఏ మందును దానిని మూయజాలదు.

కణములు చీలుటకు ఫోలికామ్లమను విటమిను కావలయును. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి యాజమాన్యమున, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలవారు 1945లో దీనిని కృత్రిమముగా తయారుచేసిరి. అట్టి శిశువును ఇదివరకు కన్న తల్లులు గర్భమునకు ముందునుండియే దీనిని పుచ్చుకొన్నచో, ఆ కీడు నూటికి డెబ్బది పాళ్లకు పైగా తగ్గునని 1991లో వెల్లడియైన పరిశోధన తేల్చినది.

కావున గర్భము తెలిసిన పిమ్మట మందు మొదలిడుట ఆలస్యమే. కాపురమునకు వచ్చిన కోడలు గర్భమునకు కనీసము ఒక నెల ముందునుండి మూడవ నెల నిండువరకు దినమునకు 400 మైక్రోగ్రాముల ఫోలికామ్లము పుచ్చుకొనవలెనని వైద్యులు చెప్పుచున్నారు. ఆకుకూరలు, శనగలు, పప్పులు మంచివే. కాని అవి మాత్రకు బదులు కాజాలవు. ఇదివరకు అట్టి కాన్పు జరిగిన ఇంట వైద్యుని ముందుగనే అడుగవలెను, మోతాదు ఎక్కువ కావలసియుండును.

మరియొక మాట. అవయవలోపముతో శిశువు పుట్టిన తల్లిని గ్రహణమనియు, పాపమనియు నిందించుట మన యిండ్లలో కలదు. ఆమె యెరుగకముందే జరిగిన దానికి ఆమె నెట్లు దూషింతుము? ఇంటికి పెద్దలైన మీరు ఆ నిందను మాన్పి, ఆ మాత్రను ముందుగా ఇప్పించిన చాలును. పొదుగు పెట్టను కదల్పరాదని యెరిగిన మనకు ఇది కష్టము కాదు.